తుప్పు పట్టిన బోల్టు, తాళం వేసిన పెట్టె

మన దేశంలో బండి కొన్నవాడు బండిలో కూర్చుని సుఖపడిన గంటల కంటే, బండి కింద పడుకుని తంటాలు పడిన గంటలే ఎక్కువని నా అనుమానం. కొత్త కారు కొని, చెప్పిన తేదీకి సర్వీసు సెంటరుకు తోలి, బిల్లు చదవకుండానే డబ్బు కట్టి వచ్చేవారి సంగతి నేను మాట్లాడటం లేదు. వాళ్ళు ధన్యులు. చేతులు మారి మారి వచ్చిన పాత కారును కొని, దానితోపాటే పానాల సంచీ ఒకటి కొనుక్కుని, ఆదివారం పూట వేపచెట్టు నీడన గోనెపట్టా పరుచుకునేవారి గురించి నా గొడవ. అటువంటివారు మన పల్లెల్లో, చిన్న పట్నాల్లో లెక్కలేనంత మంది. రైతు కుటుంబాల్లో అయితే ఇక చెప్పనక్కరలేదు. అక్కడ కారే కాదు, ట్రాక్టరు, మోపెడు, ఆయిలింజను, బోరు మోటారు, మందు కొట్టే స్ప్రేయరు, ఇలా ఇంట్లో తిరిగే ప్రతి యంత్రానికీ ఇంటివాడే మొదటి డాక్టరు.

ఈ సావనీరులో మిత్రులు దేశ రాజకీయాల మీద రాస్తారు. సాహిత్యం మీద రాస్తారు. నిరుద్యోగం మీద రాస్తారు. నేను పానా మీద రాస్తున్నాను. సైన్సు చదివే కుర్రవాడికి ఇంతకంటే ఘనమైన విషయం దొరకలేదా అని నవ్వుకునేవారు నవ్వుకోవచ్చు. కాని ఈ ఇనప ముక్క వెనకాల ఒక ప్రశ్న ఉంది. మన డబ్బుతో మనం కొన్న వస్తువును మనమే విప్పి బాగుచేసుకునే హక్కు మనకు ఉందా, లేదా? ఇది మెకానిక్కుల ప్రశ్న మాత్రమే కాదు. రైతు ప్రశ్న, విద్యార్థి ప్రశ్న కూడా.

ఇంటి దగ్గర బండి బాగుచేసుకునేవాడు పడే చిరాకులు పైకి అన్నీ ఒకటిగానే కనపడతాయి. చేతులకు మసి, నోట్లో తిట్లు, చివరకు చీకటిపడటం. కాని నిదానంగా ఆలోచిస్తే అవి రెండు జాతులని తేలుతుంది. ఒకటి వస్తువు స్వభావంలోంచి పుట్టేది. రెండోది మనిషి కావాలని పెట్టేది. మొదటిదాన్ని తిట్టుకుంటూనైనా సరే భరించాలి, ఎందుకంటే అది మనకు పాఠం చెబుతుంది. రెండోదాన్ని భరించకూడదు, ఎందుకంటే అది మన చేతులు కట్టేస్తుంది. నేను చెప్పదలచుకున్నది ఇంతే. తక్కినదంతా దానికి సాక్ష్యం.

మొదటి జాతి: వస్తువు పెట్టే చిరాకు

ఈ జాతిలో అగ్రపీఠం తుప్పు పట్టిన బోల్టుది. సైలెన్సరు దగ్గరో, చక్రం వెనకాలో ఉండే బోల్టు నాలుగు వానాకాలాలు చూసిందంటే ఇక నట్టుకూ దానికీ విడాకులు ఉండవు. ఇనుము తుప్పుగా మారినప్పుడు అది ఆక్రమించే చోటు రెండింతలు దాటుతుంది. నట్టుకూ బోల్టుకూ మధ్యనున్న సన్నటి సందు దానికి చాలదు. అందుకే రెండింటినీ కలిపి బిగించేస్తుంది. కిరసనాయిలు పోసి రాత్రంతా నానబెడతాం. సుత్తితో చుట్టూ తడతాం. లొంగకపోతే నట్టును కాలుస్తాం (పెట్రోలు ట్యాంకు దగ్గర ఈ పని కూడదని వేరే చెప్పనక్కరలేదు). వేడికి నట్టు వ్యాకోచించి బోల్టును కాస్త వదులుతుంది. అప్పటికీ మొండికేస్తే పానాకు రెండడుగుల ఇనప గొట్టం తొడిగి లాగుతాం. ఆ లాగుడుకు రెండే ఫలితాలు. నట్టు కిర్రుమని కదులుతుంది, లేదా బోల్టు పుటుక్కున తెగుతుంది. మొదటిది జరిగితే ఆ కిర్రు కంటే తియ్యటి సంగీతం లోకంలో లేదు. రెండోది జరిగితే అరగంట పని కాస్తా మూడు రోజుల పని అవుతుంది. తీగ లాగితే డొంకంతా కదలడమంటే ఏమిటో అప్పుడు తెలుస్తుంది.

తరువాతది కొలతల గొడవ. బ్రిటిష్ మోరిస్ ఆక్స్‌ఫర్డ్ నమూనా మీద తయారై, 2014 దాకా మన రోడ్ల మీదికి కొత్తవి వస్తూ ఉండిన అంబాసిడర్ కారు పాత నట్లకు అంగుళాల కొలత. 1983 చివర్లో మొదలైన మారుతి 800 తోనూ, ఆ తరువాత వచ్చిన బళ్ళతోనూ మిల్లీమీటర్ల కొలత ఇంటింటికీ వచ్చింది. ఒకే వాకిట్లో రెండు కాలాల బళ్ళుంటే పానాలూ రెండు జట్లు ఉండాలి. అర అంగుళం అంటే 12.7 మిల్లీమీటర్లు. దానికి 13 నంబరు పానా 'దాదాపు' సరిపోతుంది. ఆ 'దాదాపు' లోనే ఉంది మోసం. గట్టిగా లాగేసరికి పానా జారుతుంది, నట్టు మూలలు అరిగి గుండ్రమవుతాయి, లాగినవాడి వేళ్ళ కణుపుల మీద తోలు లేస్తుంది. అదే ముప్పావు అంగుళం నట్టుకు 19 నంబరు పానా చక్కగా కూర్చుంటుంది. ముప్పావు అంగుళం 19.05 మిల్లీమీటర్లు మరి! మిల్లీమీటరులో మూడు పదోవంతుల తేడా ఎంత పెద్ద తేడాయో వెర్నియర్ కాలిపర్స్ పట్టుకోకముందే వాకిట్లో తెలుసుకున్న పిల్లలు మన క్లాసుల్లో చాలామందే ఉన్నారు.

ఇక మనుషుల వల్ల వచ్చినా కోపం తెచ్చుకోవడానికి వీలులేని చిరాకులు కొన్ని ఉన్నాయి. పానాల సెట్టు కొన్నరోజు ఎనిమిది ఉంటాయి: 6-7, 8-9, 10-11, 12-13, 14-15, 16-17, 18-19, 20-22. ఆర్నెల్ల తరువాత లెక్కపెడితే ఏడు ఉంటాయి. కనపడనిది ఎప్పుడూ 12-13 పానాయే, కాకపోతే 10-11. 20-22 ను ఎవరూ అడగరు, అది ఎక్కడికీ పోదు. "ఒక్క నిమిషంలో ఇచ్చేస్తా అబ్బాయ్" అని పట్టుకుపోయిన మనిషి మనకు బాబాయి వరస. గట్టిగా అడిగితే మర్యాద కాదు, అడక్కపోతే పానా రాదు.

లైటు పట్టడం ఇంకో ఉద్యోగం. రైతు ఇంట్లో పుట్టిన ప్రతి కుర్రాడూ జీతం లేకుండా ఈ ఉద్యోగం చేసినవాడే. "ఒరేయ్, నా మొహం మీద కాదురా, బోల్టు మీద పట్టు!" నాన్న చూసే చోటు మనకు కనపడదు, మనకు కనపడే చోటు నాన్నకు అక్కరలేదు. ఈలోగా దారిన పోయే ప్రతి పెద్దమనిషీ సైకిలు ఆపి, "డీజిలు అందట్లేదేమో చూడు" అనో, "ముందు బ్యాటరీ చూడండయ్యా" అనో ఒక మాట పడేసి పోతాడు. ఊళ్ళో సలహాలకు కరువు లేదు, కరువల్లా 12-13 పానాకే. జారిన వాషరు నేల మీద పడదు. ఇంజనులో ఏ చెయ్యీ పట్టని సందు చూసుకుని అక్కడ దాక్కుంటుంది. పని అయ్యాక గ్రీజు చేతులు తుడుచుకోవడానికి దొరికేది ఎప్పుడూ అమ్మ అప్పుడే ఉతికి ఆరేసిన తువ్వాలే. ఆ తరువాత జరిగే సభకు అధ్యక్షత ఎవరిదో నేను చెప్పక్కరలేదు.

సామాను కోసం పట్నం పోవడం ఇంకో ప్రహసనం. కొట్టువాడు మొదట అడిగే ప్రశ్న "ఒరిజినలా, లోకలా?" అని. రెండో ప్రశ్న "సైజెంత?" అని. ఆయిలు సీలు మీద మూడు అంకెలు ఉంటాయి: లోపలి వ్యాసం, బయటి వ్యాసం, మందం. పాత సీలు జేబులో వేసుకుని వెళ్ళినవాడు ఒక్క ప్రయాణంతో గట్టెక్కుతాడు. "అదేనండీ, ఇంత ఉంటుంది" అని వేళ్ళతో చూపించినవాడు రెండుసార్లు బస్సెక్కుతాడు.

చిరాకు చెప్పే పాఠం

ఇన్ని చెప్పి వీటిని భరించాలంటాడేమిటి అనుకోవచ్చు. కారణం ఉంది.

ట్రాక్టరులో డీజిలు పూర్తిగా అయిపోయి ఆగితే, మళ్ళీ ట్యాంకు నింపినంత మాత్రాన అది స్టార్టు కాదు. గొట్టాల్లో గాలి పట్టి ఉంటుంది. గాలిని నొక్కితే కుంచించుకుపోతుంది, డీజిలు దాదాపు కుంచించుకోదు. గాలి ఉన్నంతసేపు పంపు ఎంత నొక్కినా ఇంజెక్టరు తెరుచుకునేంత ఒత్తిడి రాదు. అందుకని ఫిల్టరు దగ్గరి స్క్రూ వదులు చేసి, చేతి పంపు కొడుతూ, బుడగలు ఆగి ఒట్టి డీజిలు వచ్చేదాకా గాలి తీస్తారు. మా నాన్న చదువు ఏడో తరగతితో ఆగింది. ద్రవాల సంపీడ్యత అనే మాట ఆయన విని ఉండరు. కాని ఆ మాట వెనకనున్న విషయం ఆయన వేళ్ళకు తెలుసు. నేను ఆ మాటను పుస్తకంలో చదివిన రోజు, "ఓహో, గాలి తీయడమా!" అనుకున్నాను. ఆ పేజీ నాకు బట్టీ పట్టవలసిన అవసరం రాలేదు.

వేడెక్కిన రేడియేటరు మూత తీయవద్దని పెద్దలు అరుస్తారు. ఎందుకు? మూత బిగించి ఉన్నప్పుడు లోపల ఒత్తిడి పెరిగి నీళ్ళు 100 డిగ్రీలు దాటినా మరగవు. అమ్మ ప్రెషర్ కుక్కరుదీ అదే సూత్రం. మూత తిప్పగానే ఒత్తిడి పడిపోయి ఆ నీళ్ళు ఒక్కసారిగా ఆవిరై మొహాన కొడతాయి. బ్యాటరీ విప్పేటప్పుడు నెగటివు వైరే ముందు తీయమంటారు. ఎందుకు? బండి బాడీ అంతా నెగటివుతో కలిసి ఉంటుంది. పాజిటివు ముందు విప్పుతుంటే ఆ పానా పొరపాటున బాడీకి తగిలిందంటే నిప్పులు చెరుగుతుంది. పానాకు గొట్టం తొడిగితే నట్టు ఎందుకు లొంగుతుంది? తొమ్మిదో తరగతిలో చదివిన భ్రామకం అదే కదా.

ఈ జాతి చిరాకుల్లో ఒక న్యాయం ఉంది. తుప్పుకు పక్షపాతం లేదు. అది ధనవంతుడి బోల్టునూ పడుతుంది, బీదవాడి బోల్టునూ పడుతుంది. ఓపికా, ఆలోచనా, మంచి పానా ఉన్న ఎవడికైనా చివరకు లొంగుతుంది. ఈరోజు గెలవకపోయినా రేపు గెలుస్తామన్న ఆశ ఉంటుంది. గెలిచిన రోజున మనిషి అంగుళం ఎత్తు పెరుగుతాడు.

రెండో జాతి: మనిషి వేసిన తాళం

రెండో జాతి అలాంటిది కాదు. అక్కడ ఓపికకూ, ఆలోచనకూ, పానాకూ విలువ లేదు. అక్కడ కావలసింది అనుమతి.

ఉదాహరణలు చూడండి. హెడ్‌లైటు బల్బు మాడిపోతే మార్చడానికి ముందు బంపరు విప్పవలసిన కార్లు ఉన్నాయి. ఒక్కసారి తీస్తే విరిగిపోయే ప్లాస్టిక్ క్లిప్పులతో బిగించిన తలుపులు ఉన్నాయి. మామూలు స్క్రూడ్రైవరు పనికిరాకుండా ఆరు మొనల నక్షత్రం ఆకారపు తలలున్న స్క్రూలు ఉన్నాయి. పది రూపాయల రబ్బరు బుష్షు అరిగితే "అది విడిగా రాదు, మొత్తం సెట్టు కొనాలి" అనడం ఉంది. బయటి మెకానిక్కు చెయ్యి వేస్తే గ్యారంటీ పోతుందన్న బెదిరింపు ఉంది. అన్నిటికీ మించి, ఎర్రగానో పసుపుగానో వెలిగే చిన్న దీపం ఒకటి ఉంది. రోగం ఉందని అది చెబుతుంది. ఏం రోగమో చెప్పదు. ఆ మాట చెప్పించాలంటే కంపెనీవాళ్ళ కంప్యూటరు రావాలి. దేవుడు వరమిచ్చినా పూజారి వరమివ్వకపోవడమంటే ఇదే.

2024 సార్వా నాట్లప్పుడు మా బాబాయి గారి కొత్త ట్రాక్టరు దమ్ములో ఆగిపోయింది. 50 హార్సుపవరు దాటిన ట్రాక్టర్లకు 2023 జనవరి 1 నుంచి ట్రెమ్-4 అనే కాలుష్య ప్రమాణాలు వచ్చాయి. వాటిని అందుకోవడానికి ఇంజనుకు కంప్యూటరు పెట్టవలసి వచ్చింది. బాబాయిది అటువంటి బండి. డీజిలు ఉంది, బ్యాటరీ ఉంది, ఎయిర్ ఫిల్టరు శుభ్రంగా ఉంది. బోర్డు మీద దీపం వెలుగుతోంది. మా ఊరి మెకానిక్కు ఇంజను చప్పుడు విని ఏ సిలిండరు సరిగా కొట్టట్లేదో చెప్పగల మనిషి. ఆయన వచ్చి, చుట్టూ తిరిగి చూసి, చేతులు తుడుచుకుని, "ఇది నా చేతిలో లేదు బాబూ" అన్నాడు. ముప్పయ్యేళ్ళుగా పానా పట్టిన మనిషి నోట ఆ మాట విన్నప్పుడు నాకు బాబాయి మీద కంటే ఆయన మీద ఎక్కువ జాలి వేసింది.

ఫోన్లు చేశారు. "ఇవాళ రాలేం, రేపు పంపిస్తాం" అన్నారు. మూడో రోజు మధ్యాహ్నం ల్యాప్‌టాప్ సంచీతో ఒక కుర్రాడు వచ్చాడు. వైరు తగిలించాడు, అంకె చూశాడు. ఒక సెన్సరు దగ్గర ప్లగ్గులోకి బురదనీళ్ళు పోయాయి. తీసి, తుడిచి, ఆరబెట్టి, మళ్ళీ పెట్టాడు. పట్టుమని పది నిమిషాలు. ఆ పది నిమిషాల పనికి మా మెకానిక్కు చాలడా? చాలతాడు. ఆయనకు లేనిది చేతి నేర్పు కాదు, ఆ అంకె. ఎక్కడ తుడవాలో చెప్పే ఆ ఒక్క అంకె.

ఈలోగా ఏం జరిగింది? కాలవ నీళ్ళ వంతు దాటిపోయింది. నారు ముదురుతోంది. ముదిరిన నారు నాటితే పిలకలు తగ్గుతాయి, పిలకలు తగ్గితే గింజ తగ్గుతుంది. ఇది రైతు బిడ్డలకు ఎవరూ చెప్పనక్కరలేదు. అద్దెకు వేరే ట్రాక్టరు తెచ్చి దమ్ము చేయించారు. సొంత ట్రాక్టరు మీద బ్యాంకు వాయిదా కడుతూనే, పక్కవాడి ట్రాక్టరుకు గంటల లెక్కన కిరాయి కట్టారు. తప్పు చేసిందెవరు? బురదా? బురదలో నడవడానికే కదా ట్రాక్టరు పుట్టింది!

ఎదుటివారి వాదన

న్యాయంగా మాట్లాడాలంటే ఎదుటి పక్షం కూడా వినాలి. "పాత కార్బొరేటరు రోజులే బాగున్నాయి" అని నిట్టూర్చే పెద్దలతో నేను పూర్తిగా ఏకీభవించను. 2020 ఏప్రిల్ 1 నుంచి దేశమంతటా బి.ఎస్-6 ప్రమాణాలు వచ్చాయి. అంతకుముందు బి.ఎస్-4 ఇంధనంలో పది లక్షల పాళ్ళకు 50 పాళ్ళ దాకా ఉండనిచ్చిన గంధకం 10 పాళ్ళకు తగ్గింది. ఎంత ఇంధనం పోయాలో కంప్యూటరు కొలిచి పోస్తే పొగ తగ్గుతుంది, ఖర్చూ తగ్గుతుంది. పట్నాల్లో ఆ గాలి పీల్చేది మనమే, మన తమ్ముళ్ళే. కనుక బండిలో కంప్యూటరు ఉండటం తప్పు కాదు. బ్రేకుల దగ్గరా, ఎయిర్‌బ్యాగుల దగ్గరా తెలియనివాడు చెయ్యి పెట్టకూడదన్న మాటా నిజమే. ప్రాణాలతో ఆటలు వద్దు.

కాని రక్షణ వేరు, తాళం వేరు. కరెంటు స్తంభం మీద పుర్రె బొమ్మ వేస్తారు, ప్రమాదమని చెప్పడానికి. అది రక్షణ. ఇంట్లోని ఫ్యూజు పెట్టెకు తాళం వేసి తాళంచెవి పట్నంలో పెట్టుకుంటే అది రక్షణా? బండి కంప్యూటరు దాచుకున్నది మంత్రం కాదు, ఒక అంకె మాత్రమే. కార్లలో ఆ అంకెలు కొన్ని ప్రపంచమంతటా ఒకటే. ఉదాహరణకు పి0300 అంటే సిలిండర్లలో మంట సరిగా అంటుకోవడం లేదని అర్థం. ఇటువంటి అంకెలను చదివే చిన్న పరికరం బజారులో చవకగానే దొరుకుతుంది, సెల్‌ఫోనుకు తగిలించుకోవచ్చు. అది చదివినందువల్ల ఇంజను పేలిపోలేదు, కాలుష్యం పెరగలేదు. పెరిగిందల్లా బండి సొంతదారు తెలివి. మరి తక్కిన అంకెల అర్థం మాత్రం ఎందుకు దాచాలి? పుస్తకం ఎందుకు అమ్మరు? సీలు ఎందుకు విడిగా అమ్మరు? జవాబు సులభం. దాచిన చోటనే డబ్బు ఉంది.

ఇది నేను ఆవేశంతో అంటున్న మాట కాదు. విడిభాగాలనూ, లోపం కనిపెట్టే పరికరాలనూ బయటి మెకానిక్కులకు అందకుండా చేసి పోటీని దెబ్బతీశాయని, 2014 ఆగస్టు 25న భారత కాంపిటీషన్ కమిషన్ 14 కార్ల కంపెనీలకు కలిపి రమారమి 2,545 కోట్ల రూపాయల జరిమానా విధించింది. ఆ తరువాత వ్యవహారం అప్పీళ్ళలో పడింది. 2022 జులైలో కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ 'రిపేరు హక్కు' మీద ఒక కమిటీ వేసింది. ఆ కమిటీ ముందుగా ఎంచుకున్న నాలుగు రంగాల్లో ఆటోమొబైళ్ళూ ఉన్నాయి, వ్యవసాయ పరికరాలూ ఉన్నాయి. అదే సంవత్సరం డిసెంబరు 24న, జాతీయ వినియోగదారుల దినం నాడు, కంపెనీలు రిపేరు వివరాలు పెట్టడానికి ఒక పోర్టల్ తెరిచారు. మంచిదే. కాని పోర్టల్ వేరు, చట్టం వేరు. ఇష్టమైతే చెప్పు అనడానికీ, చెప్పి తీరాలి అనడానికీ ఉన్న తేడా చిన్నది కాదు.

అమెరికాలో మసాచుసెట్స్ రాష్ట్ర ప్రజలు 2012లో ఓటు వేసి కార్ల రిపేరు హక్కును చట్టం చేయించుకున్నారు. కొలరాడో రాష్ట్రంలో 2023లో రైతుల యంత్రాల కోసమే ఒక చట్టం చేశారు, అది 2024 జనవరి 1 నుంచి అమలులోకి వచ్చింది. అక్కడి రైతు వేల ఎకరాలవాడు, ఇక్కడి రైతు నాలుగెకరాలవాడు. అయినా ఇద్దరినీ ఆపింది ఒకే తాళం. వాళ్ళకు అది అన్యాయమని తోచినప్పుడు మనకు తోచడానికి అడ్డేమిటి?

మన వంతు

అడ్డు ఒకటి ఉంది. అది కంపెనీల్లో లేదు, మనలో ఉంది. మసి చేతులంటే మనకు చిన్నచూపు.

బి.ఎస్‌సి. ఫైనలియరు విద్యార్థి కార్నో ఇంజను సామర్థ్యానికి సూత్రం రెండు నిమిషాల్లో రాబడతాడు. స్టాండులో తన స్కూటరు స్టార్టు కాకపోతే చెమటలు కక్కుతూ గేటు దాకా తోసుకుంటూ పోతాడు. ప్లగ్గు విప్పి చూడమంటే "మనకెందుకు గురూ" అంటాడు. వాడిని అని లాభం లేదు. ఇంటి దగ్గర మా నాన్నా అదే అంటారు. "నువ్వు చదువుకో నాయనా, నీకెందుకీ మసి? ఇది నాతో పోనీ" అని. ఆ మాటలో ఆయన ప్రేమ అంతా ఉంది, నాకు తెలుసు. కాని ఆ మాటలో ఒక ప్రమాదమూ ఉంది. ఆయనతోనే పోతే తరువాత ఎవరికి తెలుస్తుంది? మా తరం పుస్తకం నేర్చి పానా మరిచిపోతే, పానా పట్టిన తరానికి పుస్తకం అందకపోతే, మధ్యలో నిలబడి తాళం వేసుకునేవాడికి పండుగే కదా!

విజయవాడ ఆటోనగర్‌కు ఒకసారి వెళ్ళి చూడండి. లారీలకు బాడీలు కట్టడంలోనూ, రిపేర్లలోనూ దూరదూరాలకు పేరు పోయిన చోటు అది. ఇనుముతో వాళ్ళు చేసే పనికి మన ల్యాబులో పేర్లు ఉన్నాయి, వాళ్ళ దగ్గర పని ఉంది. ఆ రెండూ కలిసే చోటు మన చదువులో ఎక్కడా కనపడదు. మెకానిక్కును మనం 'ఏరా' అని పిలుస్తాం, కంప్యూటరు సంచీతో వచ్చినవాడిని 'సార్' అంటాం. ఇద్దరూ చేసేది ఒకే పని.

అందుకని మన స్టూడెంట్స్ యూనియనుకు నాదొక మనవి. ప్రతి ఏటా మనం వార్షికోత్సవాలకు షామియానాలు వేస్తాం, మైకులు పెడతాం. ఈసారి ఆ ఖర్చులో కొంత తగ్గించి, సైకిలు స్టాండు వెనకాల ఖాళీగా ఉన్న చోట ఒక రేకుల షెడ్డు వేయండి. అందులో రెండు జట్ల పానాలు, ఒక మంచి జాకీ, జాకీతోపాటు బండి మోయడానికి ఇనప స్టాండ్లు (ఇటుకల మీద నిలబెట్టిన బండి కింద ఎవరూ దూరకూడదు), ఒక మల్టీమీటరు, అంకెలు చదివే పరికరం ఒకటి, విప్పి బిగించుకోవడానికి ఒక పాత ఇంజను ఉంటే చాలు. నెలకొక శనివారం మధ్యాహ్నం పట్నంలోని ఒక మెకానిక్కును పిలుద్దాం. ఊరికే కాదు. గెస్టు లెక్చరరుకు ఇచ్చినట్లే కుర్చీ వేసి, గౌరవంగా పారితోషికం ఇచ్చి పిలుద్దాం. ఆయన విప్పి చూపిస్తాడు. అది ఎందుకు అలా జరుగుతుందో మన ఫిజిక్సు, కెమిస్ట్రీ మేష్టార్లు చెబుతారు. ఆడపిల్లలు రారని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. స్కూటీ పంక్చరయితే దిక్కులు చూడవలసి వచ్చేది వాళ్ళే కనుక ముందు వరసలో వాళ్ళే ఉంటారు.

పూర్వ విద్యార్థులు ఈ సావనీరు చదువుతారు కనుక వారికీ ఒక మాట. మీ ఇంట్లో మూల పడి ఉన్న పాత స్కూటరు పాత ఇనప సామాన్లవాడికి తూకానికి వేయకండి. మాకు పంపండి. అది నడవకపోతే మరీ మంచిది.

విద్యార్థులుగా మనం చేయగలిగింది ఇంకొకటి ఉంది. ఈ పని నేర్చుకున్నవాడే 'ఆ అంకె ఎందుకు చెప్పరు?' అని గట్టిగా అడగగలడు. నట్టు ఎక్కడుందో తెలియనివాడు దానికి తాళం వేశారని ఎలా కనిపెడతాడు? వినియోగదారుల శాఖకు అర్జీ రాయాలన్నా, ఎన్నికలప్పుడు మన ఊరికి వచ్చిన నాయకుడిని నిలదీయాలన్నా, ముందు మన చేతులకు కాస్త మసి అంటాలి. ఆ అర్జీ ఇంగ్లీషులోనూ తెలుగులోనూ రాయగలిగినవాళ్ళం మనం. మా నాన్న తరం పానా పట్టగలిగింది గాని అర్జీ రాయలేకపోయింది. మనం రెండూ చేయగలం. చేయకపోతే తప్పు మాత్రం ఏ కంపెనీదీ కాదు.

తుప్పుతో పోట్లాట ఎప్పటికీ ఉండేదే, ఉండనివ్వండి. ఈ తాళం సంగతే మనం తేల్చుకోవలసింది. షెడ్డు వేయడానికి యూనియను వారు ఒప్పుకుంటే మొదటి శనివారం లైటు పట్టడానికి నేను సిద్ధం, అందులో నాకు పదేళ్ళ అనుభవం ఉంది. 12-13 పానా మాత్రం రిజిస్టరులో సంతకం పెట్టనిదే ఎవరికీ ఇవ్వవద్దని నా మొదటి తీర్మానం.